కొట్టు కబుర్లు: రేట్లన్నీ మీ నోట్లోనే ఉంటే ఎలా?

ప్రశ్న: మాది పైపులు, కరెంటు సామాన్ల షాపు. పనికి ముగ్గురు కుర్రాళ్లున్నారు. పొద్దున తొమ్మిదికి షట్టర్ తీస్తే రాత్రి తొమ్మిదిన్నర దాకా ఊపిరాడదు. భోజనం మూడింటికి, అదీ కౌంటర్ వెనకే. జీఎస్టీ లెక్కలు ఇంటికి తీసుకెళ్తే మా ఆవిడకు కోపం. వీడియోలు చూసి ఐదింటికే లేస్తున్నాను, ఫోన్‌లో ఏదో యాప్ కూడా వేసుకున్నాను. పని మాత్రం తెమలడం లేదు. ఏం చేయమంటారు?
– ఒక పాఠకుడు, తణుకు

జవాబు: ముందు ఆ ఐదింటి అలారం తీసేయండి. రాత్రి పదింటికి ఇల్లు చేరే మనిషికి కావలసింది నిద్ర.

విజయవాడ వన్‌టౌన్‌లో హోల్‌సేల్ కొట్ల పద్దులు రాస్తూనే ముసలివాణ్నయ్యాను. గల్లాపెట్టె పక్కన కూర్చున్నవాడికి ఓనరు పొద్దస్తమానం ఏం చేస్తాడో బాగా కనిపిస్తుంది. చాలామంది చేసేది జవాబులు చెప్పడమే. "అన్నా, ముప్పావు ఎల్బో ఎంత?" "అన్నా, మేస్త్రీ ఇంకో రెండు పర్సెంట్ తగ్గించమంటున్నాడు." "అన్నా, ఈయనకి అరువు రాయనా?" రేపు ఒక్కరోజు ఏదైనా అట్టముక్క మీద, మిమ్మల్ని పిలిచిన ప్రతిసారీ గీత పెట్టండి. రేటుకో వరస, అరువుకో వరస, సామాను ఎక్కడుందని అడిగితే ఇంకో వరస.

రేట్ల వరసే పొడుగ్గా తేలుతుందని నా అంచనా. రాగి ధర కదిలితే వైర్ల లిస్టు మారుతుంది, పైపులదీ అదే తంతు. పైగా కంపెనీకో డిస్కౌంట్. అవన్నీ మీ తలలో పెట్టుకుంటే కుర్రాడు అడక్క ఏం చేస్తాడు?

పాత కొట్లలో దీనికో కిటుకు ఉండేది. ఒకదానితో ఒకటి కలవని పది అక్షరాలు తీసుకుని, ఒక్కో అంకెకు ఒక్కోటి ఇచ్చుకునేవారు. 2కి 'మ', 5కి 'ర' అనుకోండి. ట్రే మీద అమ్మే ధర 30 అని అంకెల్లో, పక్కనే చిన్నగా 'మర' అని ఉంటుంది. అంటే పాతిక దాకా దిగొచ్చు, ఆ కింద కుదరదు. కొనేవాడికి రెండక్షరాలు కనిపిస్తాయంతే, కుర్రాడికి మాత్రం మీ అనుమతి చేతిలో ఉన్నట్టే. కంప్యూటర్ బిల్లింగు ఉన్నా ఇది పనికొస్తుంది, ఎందుకంటే బేరం జరిగేది ట్రే దగ్గర.

తప్పు రేటుకి ఇచ్చేస్తాడేమోనని టెన్షన్ పడతారు, తెలుసు. ఎల్బోలు, టీలు లాంటి పైపు జాయింట్లు, స్విచ్చులతో మొదలుపెట్టండి. పోతే రూపాయల్లో పోతుంది. మోటార్లు, ఇంటి మొత్తానికి పడే వైరింగ్ ఆర్డర్లు మీ దగ్గరే ఉండనివ్వండి. లిస్టు మారిన రోజు రాత్రి ట్రేల మీద దిద్దే పని ముగ్గురిలో ఒకరికే అప్పగించండి.

అరువుకు ఒక కాగితం చాలు. ఎవరికి, ఎంత వరకు అన్నది రాసి కౌంటర్ లోపలి వైపు అంటించండి. అందులో పేరు లేకపోతే అరువు లేదు. కుర్రాడు "ఓనరు గారు రాసి పెట్టారండీ" అంటాడు, మీకు మొహమాటం తప్పుతుంది. కంపెనీ సేల్స్‌మన్లను వారంలో ఒక మధ్యాహ్నమే రమ్మనండి. ఒకటి రెండుసార్లు మూతి ముడుస్తారు, తర్వాత వాళ్లే అలవాటు పడతారు.

ఇక జీఎస్టీ. మీ ఏడాది టర్నోవర్ 5 కోట్ల లోపే ఉంటే, ఇప్పుడు నెలనెలా రిటర్నులు వేస్తున్నారేమో చూసుకోండి. మూడు నెలలకోసారి వేసే క్యూఆర్ఎంపీ పద్ధతి 2021 జనవరి నుంచి ఉంది. మొదటి రెండు నెలల పన్ను, ఏ నెలది ఆ తర్వాతి నెల 25 లోపు చలానాతో కట్టాలి. ఫిక్స్‌డ్ పద్ధతి పెట్టుకుంటే, గత మూడు నెలలకు నగదుగా కట్టినదాంట్లో 35 శాతం చొప్పున (నెలవారీ నుంచి మారిన కొత్తలో మాత్రం, అంతకుముందు చివరి నెలకు నగదుగా కట్టినంత) పోర్టలే చలానా తయారుచేస్తుంది, ఆ రెండు నెలలూ లెక్కలతో కుస్తీ ఉండదు. అయితే మీ దగ్గర జీఎస్టీ బిల్లుతో కొనే కాంట్రాక్టర్లుంటే వాళ్ల బిల్లులు నెలనెలా, తర్వాతి నెల 13 లోపు ఎక్కించాలి, లేకపోతే క్రెడిట్ (మీకిచ్చిన జీఎస్టీని వాళ్ల పన్నులో తగ్గించుకునే వీలు) రాలేదని ఫోన్లు మొదలవుతాయి. జూలై–సెప్టెంబర్ నుంచి మారాలంటే జూలై 31 దాకా గడువు ఉంటుంది. ఆడిటర్ దగ్గరికి వెళ్లేటప్పుడు గత మూడు నెలల రిటర్నులు పట్టుకెళ్లండి.