సమాధానం: మ్యూనిక్ హార్లాహింగ్‌లో బీర్ గార్డెన్లు

హార్లాహింగ్‌లో అన్నీ ఇళ్లే, బీర్ గార్డెన్ ఒక్కటీ కనిపించలేదన్నారు కదా. మెయిన్ రోడ్డు మీద కాదండీ, ఈజర్ నది గట్టు వైపు చూడండి. మెంటర్‌ష్వైగె అనే బీర్ గార్డెన్ అక్కడే ఉంది, అదే పేరుతో ట్రామ్ స్టాప్ కూడా ఉంది.

నా ఓటు మాత్రం గ్రోస్‌హెస్సెలోహె వంతెన అవతల ఉన్న వాల్డ్‌విర్ట్‌షాఫ్ట్ అనే బీర్ గార్డెన్‌కి. జాజ్ సంగీతం ఉంటుంది. చుట్టుపక్కల వాళ్లు గోల భరించలేక కోర్టుకెక్కితే, 1995లో బీర్ గార్డెన్ల కోసం వేలమంది ఊరేగింపు తీసింది ఈ గొడవ మీదే! ఇప్పుడు రూల్ ప్రకారం రాత్రి 10కి సంగీతం, 11కి గార్డెన్ బంద్.

గుడ్డ పరవని బల్లల దగ్గర ఇంటి తిండి తినొచ్చు, పులిహోర డబ్బా విప్పినా ఎవరూ ఏమీ అనరు. తాగేవి మాత్రం అక్కడే కొనాలి.