ఉక్కపోతకు ఏసీ కొనాలా? ముందు మీటరు చూడండి

ప్రశ్న: మాది మిర్యాలగూడ. సొంత డాబా ఇల్లు, చిన్న కిరాణా కొట్టు. ఖర్చులు పోను కొట్టు మీద నెలకు 28 వేలు వస్తాయి. ఎండాకాలం కూలరుతో గడిచింది గానీ, వానలు మొదలయ్యాక ఒళ్లంతా జిగట, పిల్లలకు నిద్ర లేదు. 38 వేల ఏసీని వడ్డీ లేకుండా 12 వాయిదాల్లో ఇస్తామంటున్నారు. కరెంటు నెలకు 170 యూనిట్లు కాలుతుంది. గృహజ్యోతి కింద సున్నా బిల్లు వస్తోంది. తీసుకోమంటారా?

జవాబు: ఇప్పుడు వద్దు. నెలకు 3,170 రూపాయల వాయిదా మీరు ఎలాగో కడతారు. నాకు భయం ఆ 170 యూనిట్లతోనే.

ఒక టన్ను ఏసీ రాత్రికి ఎనిమిది గంటలు నడిస్తే ఆరు యూనిట్ల దాకా తింటుంది. నెలకు 180 అనుకుంటే మీ వాడకం 350కి చేరుతుంది. గృహజ్యోతి ఉచిత కరెంటు నెలకు 200 యూనిట్ల వరకే. అది దాటిన నెల బిల్లంతా మీ నెత్తినే. పైగా చార్జీల శ్లాబు మారి మొదటి 200 యూనిట్లకు 5.10 చొప్పున, తర్వాతి వందకు 7.70, మిగతా యాభైకి 9 రూపాయలు పడతాయి. మొత్తం 2,240, ఇతర చార్జీలు వేరే. వాయిదాతో కలిపితే 5,400 దాటుతుంది. వచ్చేదాంట్లో దాదాపు ఐదో వంతు! వడ్డీ లేదన్న దుకాణంలోనే రొక్కమిస్తే ఎంతకిస్తారో ఒకసారి అడగండి. ఆ తేడాయే వడ్డీ.

కూలరు తప్పేమీ లేదు. నీటిని ఆవిరి చేసి గాలిని చల్లబరచడమే దాని పని. ఏప్రిల్‌లో పొడిగాలి కాబట్టి నడిచింది. ఉప్పు డబ్బాలో నీరూరే ఈ రోజుల్లో అది గదిలోకి ఇంకా తేమే తోస్తుంది. నీళ్లు పోయకుండా కిటికీ దగ్గర పెట్టి ఉత్త ఫ్యానులా వాడండి. వంటింట్లో ఒక ఎగ్జాస్ట్ ఫ్యాను బిగించండి. తడి బట్టలు పడకగదిలో ఆరేయకండి.

అసలు ఖర్చు పెట్టవలసింది సీలింగ్ ఫ్యాన్ల మీద. పాత ఫ్యాను 75 వాట్లు, తక్కువ కరెంటు తినే బీఎల్‌డీసీ రకం 30 వాట్లు. రోజుకు పదిహేను గంటలు తిరిగితే ఒక్కోదానికి నెలకు 20 యూనిట్లు తగ్గుతాయి. రెండు మార్చడానికి ఆరేడు వేలవుతుంది. మీది సున్నా బిల్లు కనుక చేతికి డబ్బేమీ మిగలదు, కానీ వాడకం 130కి దిగుతుంది. ఫిబ్రవరిలో డాబా పైకప్పు మీద రెండు పూతలు తెల్ల సున్నం వేయించండి. ఇప్పుడు వేస్తే వానకు కొట్టుకుపోతుంది.

ఈలోగా ఏసీకని నెలకు మూడు వేలు పక్కన వేస్తూ పోండి. ఏడాది దాటేసరికి రొక్కంగా కొనవచ్చు. అప్పుడు కూడా 26 డిగ్రీల మీద పెట్టి, పైన ఫ్యాను వేసుకుని, మరీ ఊపిరాడని రాత్రులకే వాడండి. 130 మీద మీకు 70 యూనిట్ల చోటుంది. నెలకు పది రాత్రులు హాయిగా వాడుకున్నా మీటరు 200 దాటదు.