పాత పాలిస్టర్ బట్టల నుంచి మళ్లీ కొత్త దారం తీయవచ్చా?

తీయవచ్చు. అయితే బట్టను ఊరికే కరిగించి దారం లాగితే సరిపోదు: రంగులు అందులోనే ఉండిపోతాయి, వేడికి అణువుల గొలుసులు తెగి దారం బలహీనపడుతుంది. రసాయన పద్ధతిలో ఆ గొలుసునే పూర్తిగా విడగొడతారు. బాగా వాడుకలో ఉన్నది గ్లైకాలసిస్. బట్ట ముక్కల్ని ఇథిలీన్ గ్లైకాల్ అనే ద్రవంలో, జింక్ ఎసిటేట్ లాంటి ఉత్ప్రేరకం వేసి, సుమారు 190 డిగ్రీల సెల్సియస్ దగ్గర ఉంచితే బీహెచ్ఈటీ అనే మోనోమర్, అంటే గొలుసులోని విడి అణువు, వస్తుంది. వడగట్టి, రంగు తొలగించి చల్లారిస్తే తెల్లటి స్ఫటికాలు కడతాయి. వాటిని మళ్లీ పాలిమర్ చేస్తే, అంటే గొలుసుగా కలిపితే, కొత్త పాలిస్టరే.

అసలు తలనొప్పి మిశ్రమ బట్టలతోనే. కాటన్ కరగదు కాబట్టి చాలావరకు వడపోతలో దొరికిపోతుంది. సాగడానికి కలిపే స్పాండెక్స్ మాత్రం విచ్ఛిన్నమై ద్రావణంలో కలిసి మోనోమర్‌ను పాడుచేస్తుంది. కొంచెమే ఉన్నా ఇబ్బందే. అందుకే ఈ రసాయన చర్య జరిపే రియాక్టర్ కంటే ముందు, బట్టలు వేరుచేసే దగ్గరే ఎక్కువ శ్రద్ధ పెట్టాలంటాను.