మాల తీసిన సాయంత్రాలు

"మా ఆయన తాపీమేస్త్రి, వయసు 43. కార్తీకంలో అయ్యప్ప మాల వేస్తే మండలం రోజులూ చుక్క ముట్టరు. కొండ నుంచి వచ్చి మాల తీసిన వారంలోనే మళ్లీ మొదలు. మూడేళ్లుగా ఇదే వరస. ఇప్పుడు పొద్దున్నే చేతులు వణుకుతున్నాయి, కాస్త పడితేగాని తాపీ పట్టలేకపోతున్నారు. తాగుడు మానినవాళ్ల మీటింగులు ఉంటాయట. అక్కడ ఏం చేస్తారు? మావాళ్లెవరైనా చూస్తే పరువు పోతుందని ఈయన భయం, అమ్మాయికి సంబంధాలు చూస్తున్నాం. తెలియకుండా కూరలో కలిపే మందు ఉందని మా ఆడపడుచు అంటోంది. ఏం చేయమంటారు?"
— ఒక ఇల్లాలు, చీపురుపల్లి దగ్గర

అమ్మా,

ముందు ఆ కూరలో మందు మాట. వద్దు. డైసల్ఫిరామ్ అనే మాత్ర ఉంది. అది వేసుకున్న మనిషి తాగితే ముఖం ఎర్రబడి, వాంతులై, బీపీ పడిపోతుంది, గుండె మీదికి కూడా రావచ్చు. డాక్టరు పరీక్షలు చేసి, అన్నీ చెప్పి, రోగి సరేనన్నాకే ఇవ్వాల్సిన మందు అది. పేరు లేని పొట్లాల్లో ఏం కలిపారో మనకు తెలిసే దారే లేదు. పైగా రేపు ఆ సంగతి బయటపడితే, మీ చేతి అన్నం ఆయన మళ్లీ నిశ్చింతగా తినగలరా?

రెండోది చేతుల వణుకు. మీటింగు కంటే ముందు దీనికి డాక్టరు కావాలి. ఒళ్లు తాగుడుకి అంతగా అలవాటు పడ్డాక ఉన్నపళంగా ఆపేస్తే మొదటి రెండు రోజుల్లో ఫిట్స్ రావచ్చు. రెండు నుంచి నాలుగు రోజుల మధ్య లేనివి కనిపించడం, మతి తప్పడం జరగొచ్చు. మాల వేసినప్పుడు ఏమీ కాలేదు కదా అనుకోకండి. ఆపడం, మళ్లీ మొదలుపెట్టడం జరిగినకొద్దీ ఈ బాధ ముదురుతుంది. శ్రీకాకుళం, విజయనగరం పెద్దాసుపత్రుల్లో ఎక్కడైనా సరే మానసిక వైద్యుల ఓపీకి తీసుకెళ్లండి. ఎంత తాగుతున్నారో దాచకుండా చెప్పండి.

ఇక మాల. మీరు దాన్ని ఓటమిలా రాశారు, నాకు అలా అనిపించలేదు. ఆ నలభయ్యొక్క రోజులూ ఆయన ఎలా ఉండగలిగారు? తెల్లారకముందే చన్నీళ్ల స్నానం, సాయంత్రమైతే పీఠం దగ్గర భజన, చుట్టూ తనలాగే నియమం పట్టిన పదిమంది, ఎదురైన ప్రతివాళ్లూ "స్వామీ" అని పిలవడం. మాల తీసేశాక పని దిగిన వేళ ఆ పదిమందీ లేరు, వెళ్లాల్సిన చోటు లేదు. పాత చోటు మాత్రం అక్కడే ఉంది. భక్తి చాలక కాదమ్మా, ఆ సాయంత్రాలు ఖాళీ కావడం వల్ల.

మీటింగు ఆ ఖాళీని నింపుతుంది. ఈ మీటింగులు జరిపే సంఘం పేరు ఆల్కహాలిక్స్ అనానిమస్. 1935లో అమెరికాలోని ఏక్రన్ అనే ఊళ్లో మొదలైంది. మానేసి కొన్ని నెలలైన ఒకాయన, పరాయి ఊళ్లో తాగాలనే యావ తన్నుకొస్తుంటే, మాట్లాడటానికి ఇంకో తాగుబోతును వెతుక్కుంటూ వెళ్లాడు. ఆ దొరికిన మనిషి ఒక డాక్టరు. ఇప్పటికీ అక్కడ జరిగేది అదే. కుర్చీలు, టీ, పేరు చెప్పి "నేను ఆల్కహాలిక్‌ని" అని మొదలుపెట్టడం. ఒకరు చెబుతుంటే మిగతావాళ్లు వింటారు, మధ్యలో సలహాలివ్వరు. మొదటి రోజు నోరు విప్పకుండా కూర్చున్నా ఎవరూ ఏమీ అనుకోరు. ఫీజు లేదు. చేరడానికి కావలసింది మానాలన్న కోరిక ఒక్కటే. దేవుడి మాట వస్తుంది, కానీ ఎవరి దేవుడు వాళ్లకే. మీవారు అయ్యప్పను తలుచుకోవచ్చు. జీవితాంతం మానేస్తానని ఒట్టు వేయించరు, ఈ ఒక్కరోజు ముట్టను అంటే చాలు. మీరూ పిల్ల తలమీద చెయ్యి పెట్టించి ఒట్లు వేయించకండి. ఒట్టు తప్పిన సిగ్గుతోనే ఇంకో క్వార్టర్ తాగినవాళ్లను చాలామందిని చూశాను.

పరువు సంగతి. అక్కడ ఇంటిపేరు చెప్పనక్కర్లేదు, విన్నవి బయట చెప్పకూడదనేది వాళ్ల కట్టుబాటు. తెలిసినవాళ్లు కనిపిస్తే, వాళ్లూ అందుకే వచ్చి ఉంటారు. అయినా మనసొప్పకపోతే మీ ఊరి నుంచి రైలుంది. ఇటు విజయనగరం, ఇంకాస్త ముందుకెళితే విశాఖ, అటు ఆమదాలవలస. ఎవరికీ తెలియని చోటికే మొదట వెళ్లమనండి. సంబంధానికి వచ్చేవాళ్లు మీ వీధిలో వాకబు చేయకుండా ఉంటారా? తాగుతున్నాడని వినడం కంటే మానుతున్నాడని వినడమే మీ అమ్మాయికి మేలు.

ఎక్కడ జరుగుతాయో ఇలా కనుక్కోండి. మత్తు మాన్పించే ప్రభుత్వ సహాయవాణి 14446, మనసు బాధలకు టెలిమానస్ 14416. రెండూ ఉచితమే. టెలిమానస్‌లో తెలుగులో మాట్లాడతారు. ఆస్పత్రి ఓపీలో కూడా అడగండి. గ్రూపులు చోటూ వేళా మారుస్తుంటాయి కాబట్టి ఫోన్ చేసి రూఢి చేసుకున్నాకే బయల్దేరండి. ఫోన్లో వీడియో ద్వారా కలిసే మీటింగులూ ఉన్నాయి, కానీ మీవారికి ఎదురుగా మనుషులు కావాలి. మాల చెప్పిన సంగతి అదే కదా.

మీ ఉత్తరం నిండా ఆయనే ఉన్నారు, మీరు ఎక్కడా లేరు. ఇంటివాళ్ల కోసం అల్ అనాన్ అని వేరే ఉంది. ఆయన రాకపోయినా మీరు వెళ్లొచ్చు. ఈ తాగుడు మీ వల్ల రాలేదు, మీరు అదుపు చేయగలిగేదీ కాదు, నయం చేయగలిగేదీ కాదు. అక్కడ మొదట వినేది ఈ మాటే. సీసాలు వెతకడం, మేస్త్రి పనికి ఎందుకు రాలేదంటే ఆయన తరఫున జ్వరమని అబద్ధమాడటం, ఇవి మెల్లగా మానుకోండి.

డాక్టరు సరేనన్నాక ఒక రోజు అనుకోండి. ఆయన తాగి వచ్చిన రాత్రి కాదు, తెప్పరిల్లి ఉన్న పొద్దున చెప్పండి. మొదటిసారి రైల్లో మీరూ వెళ్లండి. బయటివాళ్లను రానివ్వని మీటింగైతే గుమ్మం దాకా వెళ్లి, గంటన్నర బయట ఎక్కడైనా కూర్చోండి. వచ్చేటప్పుడు అక్కడ ఏం జరిగిందని అడగకండి, ఆయనే చెప్పనివ్వండి.