కడుపు ఉబ్బరమా, షుగర్ పనా?

తిని నాలుగు గంటలైనా కడుపు బరువుగా, వికారంగా ఉంటోంది, ఇంకోరోజు తిన్న కాసేపటికే ఆకలి దంచేస్తోంది, ఇది షుగర్ వల్లేనా అని అడిగారు. అంతా దానివల్లే అనలేను గానీ, సంబంధం మాత్రం గట్టిదే. నాకు టైప్ 2 షుగర్ వచ్చి తొమ్మిదేళ్లు. అందులో మూడేళ్లు గ్యాస్ మాత్రలు మింగుతూనే గడిపాను.

ఒక రాత్రి నడుం దగ్గర బట్ట వదులు చేసుకున్నా ఊపిరి సలపలేదు. తిన్నదేమో రోజూ కంటే తక్కువే. ఏమీ తోచక వేలికి సూది గుచ్చుకుని చూస్తే షుగర్ 274! రెండ్రోజుల తర్వాత అదే తిండి, అంతే తిన్నాను, షుగర్ 140 దగ్గరుంది. కడుపు ఉందన్న సంగతే గుర్తురాలేదు.

తర్వాత డాక్టర్ గారు చెప్పాక అర్థమైంది. రక్తంలో గ్లూకోజ్ పెరిగితే జీర్ణాశయం ఖాళీ కావడం నెమ్మదిస్తుంది. పైగా కడుపు సాగుతున్న సంగతి మామూలు కంటే ఎక్కువగా తెలుస్తుంది. అంటే కొంచెం తిన్నా చాలా తిన్నట్టే ఉంటుంది.

షుగర్ పడిపోతే ఇంకో రకం గోల. ఓ సాయంత్రం చేతులు వణికి, చెమటలు పట్టి, పేగులు మెలిపెట్టినట్టు ఆకలేసింది. మీటర్‌లో 62. కనబడ్డదల్లా తినేశాను, గంటన్నరకి 240! ఇప్పుడైతే 70 కంటే తగ్గితే 15 గ్రాముల గ్లూకోజ్ వేసుకుని, 15 నిమిషాలు ఆగి మళ్లీ చూసుకుంటాను. ఆ పావుగంట ఆగడమే కష్టం, ఆకలి వినదు. చాలాకాలం ఎక్కువలో ఉన్న షుగర్ గబుక్కున దిగితే, అంకె మామూలుగా ఉన్నా ఇలాగే వణుకు రావచ్చు.

మీరు వాడే మందులూ చూసుకోండి. షుగర్‌కి ఇచ్చే మెట్‌ఫార్మిన్ మాత్ర చాలామందికి వికారం, విరేచనాలు తెస్తుంది. షుగర్‌కీ, బరువు తగ్గడానికీ ఇచ్చే జీఎల్‌పీ-1 ఇంజెక్షన్లు కడుపు ఖాళీ కావడాన్ని నెమ్మదింపజేస్తాయి. ఏళ్ల తరబడి షుగర్ ఉంటే కడుపు కదలికల్ని నడిపే వేగస్ నరం దెబ్బతిని గ్యాస్ట్రోపరేసిస్, అంటే కడుపు సరిగా ఖాళీ కాని జబ్బు, కూడా రావచ్చు. అది స్కాన్ చేసి తేల్చాల్సిందే, మన ఊహలతో తేలదు.

షుగర్ బాగా ఎక్కువుండి వాంతులు, కడుపునొప్పి, ఆయాసం కలిసి వస్తే మాత్రం తెల్లారేదాకా ఆగకండి, వెంటనే ఆస్పత్రికి వెళ్లండి.

ఓ రెండు వారాలు కడుపు ఇబ్బంది పెట్టినప్పుడల్లా టైమూ, అంకే, చివరిసారి తిన్నదీ ఒకే వరసలో రాయండి. నేను ఆ కాగితం తీసుకెళ్తే డాక్టర్ గారు గ్యాస్ మాత్ర ఆపేసి, ఇన్సులిన్ వేసుకునే టైము మార్చారు.