ముందు ఎవర్ని కొట్టాలి, బావూ?

రాజాం

బావూ,

నీ ఫోన్ వచ్చిన రాత్రి నాకు సరిగ్గా నిద్ర పట్టలేదు. మీ ట్రైనింగులో ఇసుకతో చేసిన యుద్ధభూమి నమూనా, అదే శాండ్ మోడల్ మీద పడమట ఒక శత్రువు, ఉత్తరాన ఇంకొకడు, మధ్యలో నువ్వు. ముందు ఎవర్ని కొడతావని అడిగితే "బలహీనుణ్ణి సార్" అన్నావట. ఎందుకని మీకు పాఠం చెప్పే ఆఫీసరు, డీఎస్ సాబ్ అడిగేసరికి నోరు పెగల్లేదట. నీ జవాబు తప్పని నేననను, కారణం చెప్పలేకపోయావు, అదే తప్పు. ఫోన్‌లో చెబితే ఊఁ కొట్టి మరిచిపోతావని రాస్తున్నాను.

నేను సుబేదారుగా రిటైరై వచ్చిన ఏడాది తుఫానుకి మన చెరువు గట్టుకి రెండు చోట్ల గండి పడింది. తూము దగ్గర పెద్దది, తాటిచెట్ల దగ్గర జానెడుది. ఉన్నది ఆరుగురం. అందరూ పెద్దదాని మీదికి పరిగెత్తారు. ఇరవై ఎనిమిదేళ్ళు సర్వీసు చేసి వచ్చిన నేనూ పరిగెత్తాను. వేసిన బస్తా వేసినట్టే కొట్టుకుపోయింది. గంట తర్వాత చూస్తే జానెడు గండి కాస్తా బారెడైంది. దాన్ని ముందు పూడ్చి ఉంటే అరగంట పని. పెద్దదాన్ని పూడ్చడం ఆరుగురి వల్ల అయ్యేది కాదు. పక్క ఊరి జనం వచ్చేదాకా కర్రలు పాతి, గడ్డిమోపులు అడ్డం వేసి, కోత ముదరకుండా చూసుంటే సరిపోయేది. ఆ ఏడు దిగువ మళ్ళన్నీ ఇసుక మేట వేశాయి. మీ అమ్మమ్మ ఇప్పటికీ దెప్పుతుంది.

కాబట్టి ఎవడు బలవంతుడు, ఎవడు బలహీనుడు అన్నది తర్వాత. రెండోవాడు వచ్చి మీద పడేలోగా ఎవడి పని పూర్తిగా ముగించగలవో చూడు. కిలోమీటర్లు కాదు, రోజులు లెక్కపెట్టు.

1971 సంగతి నీకు క్లాసులో చెప్పే ఉంటారు. ఏప్రిల్‌లోనే తూర్పు పాకిస్తాన్ మీదికి వెళ్ళమంటే మన ఆర్మీ చీఫ్ మానెక్‌షా ఆగమన్నాడు. వానలు పడితే బెంగాల్ నదులు దాటడం కష్టం. పైగా హిమాలయ కనుమలు తెరిచి ఉంటే చైనా దిగొచ్చన్న భయం. డిసెంబరుకి కింద నేల ఆరింది, పైన కనుమలు మంచుతో మూసుకుపోయాయి. ఉత్తరాన చలికాలాన్నే కాపలా పెట్టాడన్నమాట. పడమట ఆపి ఉంచి, తూర్పున కొట్టారు. తూర్పున ఉన్నవాళ్ళకి సాయం రావాలంటే సముద్రం మీద చుట్టి రావాలి, ఆ దారి మన నేవీ మూసేసింది. పాకిస్తాన్ జలాంతర్గామి ఘాజీ మునిగింది మన విశాఖ ముందే కదా. 3న మొదలైన యుద్ధం 16న ఢాకాలో సంతకాలతో అయిపోయింది. నేనప్పుడు రిక్రూట్‌ని, తుపాకీ తుడవడం తప్ప చేసిందేమీ లేదు. కానీ పడమట ఉన్నవాళ్ళది చిన్న పని అని ఎవడైనా అంటే నాకిప్పటికీ ఒళ్ళు మండుతుంది. ఆపేవాడు నిలబడకపోతే కొట్టేవాడి వీపు ఖాళీ.

జర్మనీవాళ్ళూ రోజులే లెక్కపెట్టారు, 1914లో. రష్యా సైన్యం పోగవడానికి ఆరు వారాలు పడుతుంది, ఈలోగా ఫ్రాన్సుని ముగించేద్దాం అనుకున్నారు. రష్యా ఆగస్టులోనే తూర్పు ప్రష్యాలోకి వచ్చేసింది. లెక్క తప్పడం ఎవరికైనా జరుగుతుంది. ఆ తర్వాత చేసిందే చూడు. పడమట నుంచి రెండు కోర్‌లు, అంటే వేలకొద్దీ జవాన్లున్న రెండు పెద్ద దళాలు తీసి రైలెక్కించి తూర్పుకి పంపారు. అవి చేరేసరికి తూర్పున టానెన్‌బర్గ్‌లో రష్యా మీద గెలుపు అయిపోయింది. ఇటు ఫ్రాన్సులో మార్న్ నది దగ్గర ఆ మనుషులే తక్కువయ్యారు. నీ మోడల్‌లో కూడా సగంలో కంగారుపడి దళాలు తీస్తావేమోనని నా టెన్షన్. ఉత్తరాన ఎంతవరకు వెనక్కి తగ్గినా పరవాలేదో ఇప్పుడే గీత గీసిపెట్టుకో. వాడు ఆ గీత దాటేదాకా పడమట కొడుతున్న నీ దళాల్లోంచి ఒక్కణ్ణీ తియ్యకు.

బలహీనుణ్ణే ముందు కొట్టాలన్న రూలు కూడా లేదు. రెండో ప్రపంచ యుద్ధంలో అమెరికా నౌకాస్థావరం పెర్ల్ హార్బర్ మీద పడింది జపాను, అయినా అమెరికా ముందు జర్మనీ అనుకుంది. ఆగితే బ్రిటన్, రష్యా పడిపోతాయి, అప్పుడు జర్మనీని ఎవరూ కదపలేరు. జర్మనీ పడితే జపాను ఒంటరి.

ఇక మన ఊరి ముచ్చట. 1757 జనవరిలో విజయనగరం రాజు విజయరామరాజు ఫ్రెంచి సేనాని బుస్సీ ఫిరంగులతో వచ్చి బొబ్బిలి కోట పడగొట్టాడు. కోట కూలింది, పని అయిపోయిందనుకున్నాడు. తాండ్ర పాపారాయుడు మాత్రం ఆ కోటలో లేడు, ఇక్కడ రాజాంలో ఉన్నాడు. నాలుగు రోజులు తిరక్కుండానే రాత్రివేళ డేరాలో దూరి రాజుని పొడిచేశాడు. నేను రోజూ టీ తాగడానికి వెళ్ళే ఊరే, అందుకని గొప్పకి చెప్పట్లేదు. నీ మోడల్‌లో కనిపించే జెండాలు రెండే. మూడోవాడు ఎక్కడున్నాడని సాబ్‌ని అడిగావా?

నువ్వు పంపిన ఫొటోలో ఉత్తరం వైపు నది ఉంది గానీ వంతెనలు కనిపించడం లేదు. ఎన్ని ఉన్నాయి, ఏది బరువు బళ్ళని మోస్తుంది, ఏది కూల్చితే వాడికి ఎన్ని రోజులు పడుతుంది, ఇవన్నీ మ్యాప్ మీద గుర్తుపెట్టి మళ్ళీ పంపు. అవి తెలియకుండా పడమటా ఉత్తరమా అని నేనూ చెప్పలేను.

మీ తాత