డీడీఆర్4 ల్యాప్‌టాప్‌లో డీడీఆర్5 ర్యామ్ వేయొచ్చా?

కుదరదు. డీడీఆర్4, డీడీఆర్5 అంటే ర్యామ్‌లో (కంప్యూటర్ తాత్కాలిక మెమరీలో) రెండు వేర్వేరు తరాలు. డీడీఆర్4 స్లాట్‌లో డీడీఆర్4 ర్యామ్ మాత్రమే పడుతుంది. ల్యాప్‌టాప్‌లో వాడే చిన్న సైజు డీడీఆర్4 స్టిక్‌కి 260 పిన్నులు, డీడీఆర్5కి 262. మధ్యలో ఉండే గాటు కూడా వేరే చోట ఉంటుంది కాబట్టి స్టిక్ అసలు లోపలికే దిగదు. బలవంతంగా నొక్కితే విరిగేది స్లాటే! పైగా డీడీఆర్4 నడిచేది 1.2 వోల్టుల మీద, డీడీఆర్5 1.1 మీద. ఏ రకం ర్యామ్‌తో పనిచేయాలన్నది ప్రాసెసర్‌, మదర్‌బోర్డు తయారైనప్పుడే ఖాయమైపోతుంది, సెట్టింగుల్లో మార్చేది కాదు.

స్పీడు సంగతి వేరు. ఇంటెల్ ఐ5-8250యూ ప్రాసెసర్ ఉన్న ల్యాప్‌టాప్ తీసుకోండి. అది డీడీఆర్4ని 2400 స్పీడు వరకే నడపగలదు. అందులో 3200 స్టిక్ పెడితే మామూలుగా పనిచేస్తుంది, కాకపోతే 2400 దగ్గరే ఆగుతుంది.

చాలామంది పొరబడేది ఇక్కడే: పెద్ద నంబరున్న స్టిక్ కొంటే ల్యాప్‌టాప్ స్పీడు పెరుగుతుందనుకుంటారు. పాత 2400 స్టిక్ పక్కన దాన్ని పెడితే రెండూ పాతదాని స్పీడుకే దిగుతాయి. పాతదీ కొత్తదీ ఒకే కంపెనీవి కాకపోయినా సాధారణంగా ఇబ్బంది ఉండదు. కొనేముందు విండోస్‌లోని టాస్క్ మేనేజర్‌లో మెమరీ పేజీ తెరిచి ఎన్ని స్లాట్లు వాడుకలో ఉన్నాయో చూడండి. కొన్ని పల్చటి మోడళ్లలో ర్యామ్ బోర్డుకే అతికించి ఉంటుంది, వాటికి స్లాటే ఉండదు.